నలభై ఒకటో షీటు మీది పువ్వు

అమ్మగారికి నమస్కారాలు.

మీవారు అడవులు పట్టుకు తిరిగి సేకరించిన ఎండు మొక్కలన్నీ మా హెర్బేరియంలో భద్రంగా ఉన్నాయి. నేను వాటి కాపలాదారుని. ఒక కొత్త మొక్కకి ఆయన మీ పేరు పెట్టారు కదా! పేరు పెట్టిన రోజున ముందున్న ఎండు కొమ్మే ఆ పేరుకి ఎప్పటికీ సాక్ష్యం. మీ పేరుకి సాక్ష్యం, ఆ కొమ్మని కుట్టిన కాగితం, అంటే నలభై ఒకటో షీటు. చిక్కేమిటంటే, దాని మీద ఆకులు అడవి మొక్కవి, పువ్వు మాత్రం ఇళ్లలో పెంచే మొక్కది. ఆ రోజు ఆయన ఎక్కడెక్కడ తిరిగారో చెప్పగలరా?

ఇట్లు,
హెర్బేరియం క్యురేటర్

తా.క. తొందరేం లేదు. షీటు ముప్పై ఆరేళ్లుగా ఎదురుచూస్తూనే ఉంది.

---

క్యురేటర్ గారికి,

అడవికని చెప్పే వెళ్లారండీ. భోజనం నేనే కట్టిచ్చాను. మరి ఎవరింటి గుమ్మం తొక్కారు? పేరేమో నాదీ, పువ్వేమో ఇంకొకరిదీనా! ఆయన పోయి నాలుగేళ్లయింది, ఇప్పుడు ఎవర్ని నిలదీయను? ఫొటోని గోడవైపు తిప్పేశాను. ఆవిడెవరో కనుక్కుని వెంటనే రాయండి.

మండిపడుతూ,
ఆయన భార్య

తా.క. పువ్వు ఏ రంగు? ఎరుపయితే చెప్పొద్దు.

---

అమ్మా,

నేను ఆ ఉద్దేశంతో రాయలేదు, క్షమించండి. ఒకే షీటు మీద రెండు మొక్కలుంటే, పేరు దేనికి చెందాలో మేమే తేల్చాలి. పువ్వుకి పాత పేరు ఎప్పట్నించో ఉంది, కాబట్టి దాన్ని ఎంచితే మీ పేరు కొట్టేసినట్టే. ఆకుల్ని ఎంచాలంటే, పువ్వుని వేరే ఎవరో చేర్చారని రుజువు కావాలి. ఆకుల్ని ఆయన దారంతో కుట్టారు. పువ్వుని మాత్రం ఎవరో పిండి జిగురుతో, ఎంతో పొందికగా అంటించారు. ఆడవాళ్ల చేతిపనిలా ఉంది. ఆవిడెవరో మీకేమైనా తెలుసా?

విధేయుడు,
క్యురేటర్

తా.క. రంగు ఎప్పుడో వెలిసిపోయింది. ఈ గదిలో నాతో మాట్లాడే మనిషే లేరు. మీ తిట్లు రెండుసార్లు చదువుకున్నాను.

---

బాబూ,

ఆవిడ దొరికింది. నేనే.

పిండి జిగురు అన్నావు చూడు, అప్పుడు గుర్తొచ్చింది. షీటు మరీ బోసిగా ఉందని, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నా పుస్తకంలో ఎండిన పువ్వొకటి తీసి అంటించాను. మా కిటికీలో కుండీదే! ఆయన వచ్చి, కళ్లద్దాలైనా పెట్టుకోకుండా, "అరె, ఇది పూసింది కూడానే!" అని పొంగిపోయారు. ఆ మొహం చూశాక నిజం చెప్పబుద్ధి కాలేదు. కింద సంతకం పెట్టాను, రుజువుగా ఉంచుకో. నా పేరు ఆకులకే ఉండనీ. ఆయన నాకిచ్చినవాటిలో వాడిపోకుండా మిగిలింది అదొక్కటే.

ఆయనకి క్షమాపణ చెప్పుకుని ఫొటో ఇటు తిప్పాను. నెల రోజులు ఆయనతో పోట్లాడాను బాబూ, ఇల్లు ఇల్లులా ఉండింది. తగువు తీరిపోయాక మళ్లీ ఒక్కదాన్నే అయిపోయాను.

ఇట్లు,
నేరస్థురాలు

తా.క. బోసి షీట్లు ఇంకా చాలా ఉండేవి. ఓ ముప్పై దాకా నేనే సింగారించాను. ఏవేవో గుర్తులేదు. ఒక్కో ఉత్తరంలో ఒక్కో షీటు గురించే అడుగు, ఆలోచించి చెప్తాను.