జీరంగి రెక్క మీద నీ పూత

ఏటికొప్పాకలో ఉన్న మా వరాలక్కకి, ఫిన్లాండు నుంచి చెల్లెలు నూకరత్నం దణ్ణాలు పెట్టి రాస్తున్న సంగతులు.

అక్కా, నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, జలుబు కూడా తగ్గింది, నా గురించి బెంగ పెట్టుకోకు. నువ్వెలా ఉన్నావు? వేళ్ళ వాపు ఏమైనా తీసిందా? డాక్టరు ఇచ్చిన మందులు సరిగ్గా వేసుకుంటున్నావా, కాస్త నెమ్మదించగానే అటకెక్కించేశావా? నీ సంగతి తెలుసు కాబట్టి అడుగుతున్నాను. బావ నడుం నొప్పి ఎలా ఉందో కూడా రాయి.

ముందు అసలు మాట చెబుతాను. మొన్న బావ ఫోన్ చేశాడు. కర్ర తిప్పి లక్కబొమ్మలు చేసే నీ మిషన్ను నక్కపల్లిలో ఉన్న మీ మరిదికి ఇచ్చేస్తానన్నావట కదా. "నా సెయ్యి సచ్చిపోనాది. బొమ్మకీ పనికిరాదు, ఆఖరికి రత్నం ఉజ్జోగానికి కూడా అడ్డమొచ్చీసింది" అని ఏడ్చావట. నేను ఫోన్లో నీ మీద అరిచినందుకే ఇదంతా అని నాకు తెలుసు. ఈ ఉత్తరం నువ్వు చివరిదాకా చదివేవరకు ఆ మిషన్ గుమ్మం దాటకూడదని బావకి గట్టిగా చెప్పాను. ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, నేను నిన్ను మాట్లాడనివ్వను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు కదా, అందుకని కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. చలికాలమంతా మధ్యాహ్నం టీ తాగే వేళకే దీపాలు పెట్టుకున్నాం. ఇప్పుడు మెల్లగా పగలు సాగుతోంది. ఎండ వచ్చిన రోజున అందరూ పని ఆపి బయటికొచ్చి గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని మొహం ఎండకి పెట్టి నిలబడతారు. మన ఊళ్ళో అలా నిలబడితే గాలి సోకిందంటారు. ఇక్కడి రొట్టె నల్లగా, పుల్లగా, గట్టిగా ఉంటుంది. నువ్వు కట్టి ఇచ్చిన అనకాపల్లి బెల్లం ముక్క నంజుకుంటే గాని గొంతు దిగదు. బస్టాపులో మనుషులు దూరం దూరంగా నిలబడతారు. ఏ ఊరమ్మా, ఎవరి పిల్లవి అని అడిగే నాథుడు లేడు. మొదట్లో అది హాయిగా ఉండేది. ఇప్పుడు ఒక్కోసారి ఎవరైనా అడిగితే బాగుండునని ఏడుపొస్తుంది. మా ల్యాబు మేడమ్ మంచిది. పేరు పెట్టి పిలవమంటుంది గాని నాకు నోరు రాదు, మేడమ్ అంటే ఆవిడ ఉలిక్కిపడుతుంది, అలా గడిచిపోతోంది.

నేను వచ్చిన దగ్గర్నుంచి నువ్వు ఒకటే అడుగుతున్నావు, "అక్కడ నువ్వు సేసే పనేటే?" అని. ఈసారి సరిగ్గా చెబుతాను, విను.

జీరంగి పురుగు రెక్క పచ్చగా మెరుస్తుంది కదా. మనం బొమ్మలకి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లక్కలో కలిపి రంగు తెస్తాం. ఆ రెక్కలో అలాంటి పచ్చ రంగు ఏదీ లేదు. రెక్కని కోసి పెద్ద మైక్రోస్కోపు కింద పెడితే, పూతరేకుల దొంతరలాగా పల్చటి పొరల మీద పొరలు కనిపిస్తాయి. వెలుగు ఆ పొరల్లోకి పోయి, ఒక్కో పొర దగ్గరా కొంచెం కొంచెం వెనక్కి తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడు పచ్చ వెలుగంతా ఒకదానికొకటి తోడై పెద్దదవుతుంది, మిగతావి చాలామట్టుకు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వాన పడ్డప్పుడు పెట్రోలు బంకు దగ్గర నూనె మరక మీద రంగులు తేలతాయే, అదే సంగతి.

ఇప్పుడు నా పని. కంప్యూటర్లో ఒక ఖాళీ చోటు కట్టి, దాన్ని గళ్ళు గళ్ళుగా కోస్తాను. అవి కంటికి కాదు కదా భూతద్దానికి కూడా అందనంత చిన్న గళ్ళు. రెక్క పొరలు ఏ గళ్ళలో ఉన్నాయో దానికి చెబుతాను. చెప్పి, ఒక పక్క నుంచి వెలుగును వదులుతాను. ప్రతి గడీ పక్క గడిని చూసి తనేం చెయ్యాలో తెలుసుకుంటుంది, అంతకు మించి దానికేం తెలియదు. వెలుగు ఒక్కో గడీ దాటుకుంటూ రెక్కని తాకి, లోపలికి దూరి, వెనక్కి వస్తుంది. దీన్ని సిమ్యులేషన్ అంటారు.

అక్కా, ఆ ప్రోగ్రాంలో పచ్చ అనే మాట లేదు. అసలు రంగు అనే మాటే లేదు. పొరల మందం, వాటిలో వెలుగు ఎంత నెమ్మదిస్తుందో, అంతే రాశాను. మొదటిసారి అది నడిచి ఆగినప్పుడు తెర మీద ఒక గీత వచ్చింది. గీత చదునుగా వచ్చి వచ్చి, సరిగ్గా పచ్చ ఉండే చోట కొండలా లేచింది. జీరంగిని చూడని మిషన్ జీరంగి రంగు చెప్పింది! అమ్మ బాబోయ్ అని పైకే అనేశాను. పక్క బల్ల అబ్బాయి ఏమైందోనని లేచి వచ్చాడు.

ఆ లెక్క నిజమో కాదో తేలాలంటే అసలు రెక్కని కొలిచి చూడాలి. అందుకే కదా తుమ్మచెట్ల కింద చచ్చిపడిన జీరంగుల్ని ఏరమని బావని అడిగింది. విశాఖ నుంచి వస్తున్న స్నేహితురాలి చేత మీరు అగ్గిపెట్టెలో పంపారు. తెరిచి చూస్తే ఎంత మెరుపో! మన ఊరి జీరంగులకి సాటి లేదని నేనే గొప్పలు పోయాను.

కొలిస్తే కొండ వచ్చింది, కానీ దాని మీద దువ్వెన పళ్ళలాగా చిన్న చిన్న అలలు. నా లెక్కలో గీత నున్నగా ఉంది. ఏ రెక్క కొలిచినా అవే అలలు. "నీ లెక్కలో ఏదో తప్పుంది, వెతుకు" అన్నారందరూ. గళ్ళు ఇంకా చిన్నవి చేశాను, ఇదివరకెవరో తీసిన మైక్రోస్కోపు ఫొటోల్లో పొరల మందాలు మళ్ళీ కొలిచాను, ప్రోగ్రాం మొత్తం మొదటి నుంచి రాశాను. అలలు రావే! నా ఉద్యోగం కాగితాల గడువు ఎండాకాలంతో తీరిపోతుంది. లెక్క కుదరకపోతే పొడిగించమని పైవాళ్ళని ఏ మొహంతో అడగనని మేడమ్ కూడా అంది. అన్నం సయించలేదక్కా. నాకేమీ రాదని, ఏదో పొరపాటున ఇంత దూరం వచ్చానని అనిపించేది.

ఆ ఆదివారం ఉల్లిపాయలు తరుగుతూ నీకు ఫోన్ చేసి, రెక్కల్ని నీళ్ళతో కడిగారా అని అడిగాను. నువ్వు ఎంత సంబరంగా చెప్పావో గుర్తుందా?

"కడగడమేటే, పూతేసేను కదా! మట్టికొట్టుకుని ఉన్నాయి. మా సెల్లి పెద్దోళ్ళ ముందర పెడతాదంటే అలాగే పంపేత్తామేటి? కర్రముక్క మీద అంటించి, మిషన్ మెల్లగా తిప్పి, స్పిరిట్లో కరిగించిన లక్క గుడ్డతో పల్చగా పూసేను. మొగలాకుతో రుద్దేను కూడాను. మెరిసిపోలేదేటి?"

పురుగు రెక్కకి లక్క వెయ్యాలని మన ఊళ్ళో తప్ప ప్రపంచంలో ఇంకెవరికైనా తోస్తుందా? "ఎవరు పుయ్యమన్నారే నిన్ను! నా ఉద్యోగం పోయేలా ఉంది!" అని నేను అరిచాను. నువ్వు ఫోన్ పెట్టేశావు. మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు మేడమ్‌కి చెప్పాను. ఆవిడ "మీ అక్క పురుగుకి వార్నిష్ వేసిందా?" అని అడిగి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. రెక్క పొరలన్నిటి మీదా ఇంకో పొర పెట్టాను, నీ లక్క పొర. దాని మందం ఎంతో ఎవరికీ తెలియదు. కానీ ఆ అలలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే మందం లెక్క కట్టవచ్చు. కట్టాను. తల వెంట్రుక మందంలో చిన్న వంతు. అది పెట్టి, వెలుగును వదిలాం.

అక్కా, అలలు లేచాయి. ఒక్కొక్కటీ వెళ్ళి కొలిచిన అల మీదే పడింది. మేడమ్ నా భుజం పట్టుకుంది. నువ్వు ఏటికొప్పాకలో గుడ్డ ముక్కతో అద్దిన పూతని, ఈ మంచు దేశంలో వెలుగు చదివి చెప్పింది. నీ పేరు తెలియదు, ఊరు తెలియదు, లక్క అంటే ఏమిటో తెలియదు, అయినా చెప్పింది. నాకు దేవుడి గదిలో నిలబడ్డట్టయింది. నువ్వు నవ్వుకున్నా సరే, లేచి రెండు చేతులూ జోడించాను.

ఇక్కడి దాకా నా ఉద్యోగం సంగతి. లెక్క కుదిరింది, ఇంకో ఏడాది ఉండమన్నారు. నువ్వు నాకు అడ్డు రాలేదు, ఎవరికీ తెలియని పొరని కూడా లెక్క పట్టిచ్చింది కాబట్టి మామూలు రెక్కతో కుదిరిన దానికన్నా ఇదే గట్టి రుజువని మేడమ్ అంది. ఇక నీ సంగతి, జాగ్రత్తగా చదువు.

పూత ఎగుడుదిగుడుగా ఉంటే అలలు అలా నిలబడవు. ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా వచ్చి, కలిసిపోయి చెరిగిపోతాయి. మేం ప్రతి రెక్కనీ ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఆవగింజ కన్నా చిన్న చుక్కలుగా కొలిచాం. అంతటా అవే అలలు. ఒక్క రెక్క చివర మాత్రం లక్క కాస్త పేరుకుంది, అది కూడా గీతలో కనబడింది. నీ మీద ప్రేమతో దాన్ని దాచడం వెలుగుకి రాదు, లేనిది పొగడడమూ రాదు. ఈ పూత నువ్వు వేసింది ఎప్పుడు? చికున్‌గున్యా వచ్చి లేచాక. చెయ్యి వణుకుతోంది, ఇంక మిషన్ ముట్టనని నువ్వు ఒట్టు పెట్టుకున్నాక. నా కోసం ముట్టావు. టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతుందేమో, నేను కాదనను. మిషన్ మీద వణకలేదు.

బావని వానలయ్యాక పూత లేని రెక్కలు ఏరి ఉంచమను, నీ చేతికి మాత్రం ఇవ్వద్దను! పూత వేసినవి కూడా ఒకటి రెండు కావాలని మేడమ్ అడిగింది. అవి నువ్వే చెయ్యాలి, మీ మరిది చేస్తే నేను తీసుకోను. వచ్చేవాళ్ళు దొరికితే కాస్త బెల్లం, కందిపొడి కూడా పంపు. నాతవరం అత్తకి నా దణ్ణాలు చెప్పి, మోకాళ్ళు జాగ్రత్త అని చెప్పు. బావకి నమస్కారాలు. నూకాలమ్మ గుడికి వెళితే నా పేరున కూడా ఒక దణ్ణం పెట్టు. నువ్వూ బావా చల్లగా ఉండి నన్ను దీవించండి.

ఉత్తరంతో పాటు ఒక కాగితం పెడుతున్నాను. అందులో నల్ల గీత రెక్కది, ఎర్ర గీత నా లెక్కది. ఒకదాని మీద ఒకటి పడ్డాయి, విడదీసి చూడాలంటే కాగితం కంటికి దగ్గరగా పెట్టుకోవాలి. ఆ కొండ జీరంగిది. దాని మీది అలలన్నీ నీ చెయ్యి. నీ చెయ్యి పోయిందని ఎవరైనా అంటే ఆ కాగితం చూపించు. నీకే అనిపిస్తే, నువ్వే తీసి చూసుకో.

ప్రేమతో, నీ చెల్లెలు
నూకరత్నం