కొత్త కంప్యూటర్‌కు చెప్పవలసిన మాట

కెజియా,

అల్లాదుర్గ్‌లో చుట్టాలావిడ పోయింది, భూస్థాపనకు వెళ్తున్నాను. సాయంత్రం బస్సుకు వస్తాను. అన్నం మూత పెట్టాను.

లిల్లీ పెళ్లికార్డులు చేసిన పాత ప్రోగ్రాం కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదని ఏడ్చావు కదా. నువ్వు చర్చికి వెళ్లినప్పుడు జోయెల్ ఫోన్ చేశాడు. "అమ్మా, పరేషాన్ గాకు. దాని మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌ల కంపాటిబిలిటీ అన్నకాడ పాత విండోస్ పెట్టుమను. గప్పుడు కొత్తది పాతదాని లెక్క నడుస్తది" అన్నాడు. అయినా తెరుచుకోకపోతే పాత కంప్యూటర్ అటక మీద ఉంది. ఒక్కదానివే దించకు, పడతావు.

అత్తమ్మ

పాతదాని లెక్క నడవమన్నది కంప్యూటర్‌ను మాత్రమే. లిల్లీ పోయాక ఈ ఇంటికి కోడలివై వచ్చినంత మాత్రాన నువ్వు లిల్లీలాగా నడవనక్కర లేదు. రేపు పప్పుచారులో చింతపండు మీ అమ్మ వేసినంతే వెయ్యి. నేనేమీ అనను.