లవంగాల లెక్కలో అత్తగారు

కంకూ,

లవంగాల పడవ వచ్చింది, రేవుకి పరిగెడుతున్నాను. ధరమ్‌సీ మావయ్య పదింటికి దుకాణం లెక్కలు చూస్తారు. తేడా కనిపిస్తే ఈ జాంజిబార్ దుకాణం మూసేసి మనల్ని తిరిగి మనూరు మాండ్వికి ఓడ ఎక్కిస్తారు.

దీపావళికి పూజ చేసిన ఎర్ర లెక్కల పుస్తకాలు రెండిట్లో నువ్వు ఇంటి ఖర్చు రాసింది దుకాణం దాంట్లో! "రెండూ ఎర్రగానే ఉన్నాయిగా" అని నవ్వకు. లవంగాల బస్తాల కిందే "నెయ్యి రెండు డబ్బాలు, అత్తగారి సాధింపులు పదకొండు" అని ఉంది. మావయ్య అమ్మకి సొంత అన్న!

ఆ పేజీ చించకు, దొంగలెక్కలంటారు. మావయ్య ఆ పేజీకి రాకముందే భోజనానికి లేపి, తియ్యటి పెరుగు శ్రీఖండ్ కొసరి కొసరి వడ్డించు. ఆయన కునుకు తీసి లేచేలోగా నేనొచ్చి ఏదో ఒకటి చెప్తాను.

లాల్జీ

అన్నట్టు, నా పేరు కింద "గురక, పద్దెనిమిది రాత్రులు" అని రాశావు. అందులో ఆరు రాత్రులు నేను లవంగాల బేరానికి పెంబా దీవిలో ఉన్నాను. ఆ ఆరూ నీ పేరు మీదకి మార్చుకో.