ఎంపతి తక్కువున్నదట

పుప్పాలగూడ,
మంగళవారం.

అత్తమ్మ పాదాలకు మొక్కి కోడలు భానుశ్రీ రాస్తున్న సంగతులు.

ఫోన్ల మీకు సరిగ వినపడదు, గట్టిగ మాట్లాడుడు నాకు చేతకాదు. అందుకే ఉత్తరం. నిన్న మన బుజ్జి తలకాయ లోపలి ఫోటో తీసిన్రు అత్తమ్మా. చెప్పాలని చెయ్యి ఒకటే తొందరపడుతున్నది.

హైటెక్ సిటీల మీ కొడుకు గేటు కాసే బిల్డింగుల, ఐదో అంతస్తు మీద, పిల్లల మెదళ్ళ మీద పరిశోధన చేస్తున్నరు. డాక్టరమ్మ పేరు రసజ్ఞ. మీ బిడ్డ పోయినంక, బుజ్జి మా దగ్గరికి రాకముందు, దాన్ని వాళ్ళ నాయిన కొట్టిన సంగతి, బాత్‌రూంల పెట్టి గొళ్ళెం వేసిన సంగతి అంత చెప్పిన. ఇప్పుడు బడిలో పిల్లలను కొరుకుతదని, ఎవరన్న ఏడిస్తే ఊరికే చూసుకుంట నిలబడతదని కూడ చెప్పిన. "దెబ్బలు తిన్న పిల్లల మెదడు చాలాసార్లు కాపలా మానదండీ. ఎదుటివాళ్ళ మనసు చూసే తీరిక దానికి ఉండదు" అన్నది. అంటే మీ కొడుకు లెక్కనే. కాకపోతే ఆయనకు షిఫ్టు దిగుడుంటది, దీనికి లేదు.

ఫోటో చూసి పిల్ల మంచిదో చెడ్డదో చెప్పలేమట. ప్రేమగ చూసుకుంటే మారొచ్చట. ఇప్పుడైతే ఎంపతి తక్కువున్నదట. ఒక నోటుబుక్కు ఇచ్చి, బుజ్జి ఎవరి మనసన్న చూసి ఏదన్న చేస్తే రాయమన్నది. నెలాఖరుకు అందుల ఒక్క ముక్కన్న లేకుంటే హాస్టల్ల వేస్తనని మీ కొడుకు అంటున్నడు. నాకు పంపబుద్ధి అయితలేదు.

మీ కోడలు,
భానుశ్రీ

తా.క.: ఫోటో మిషన్ల పండుకోబెడితే అది డబడబ మోగింది. బయటికొచ్చినంక బుజ్జి అక్కడి ఆయనను అడిగింది, "లోపల ఎవరిని కొడుతున్నరు?"


ఊరి నుంచి,
శనివారం.

కోడలు భానుశ్రీని దీవించి అత్త బాలమ్మ, ఎవరితో రాయించకుండ, సొంతంగ రాస్తున్నది.

'ఎంపతి' అని రాసినవు. ఎంపీటీసీ అని రాయాలె బిడ్డా. ఐదో తరగతిల బడి మానితే గిట్లనే అయితది. నేనే సవరించుకొని చదువుకున్న.

ఎంపీటీసీ తక్కువైతే ఫికర్ ఏంది, మన లింగమూర్తి అన్న ఉండంగ? పొద్దుగాల్నే పోయి చెప్పిన. ఆయన జరసేపు ఆలోచన చేసిండు. పట్నంల ఎంపీటీసీలే ఉండరట, అంత కార్పొరేటర్లేనట. ఇగ పిల్లకు తక్కువ పడక ఏమైతది? అప్పుడే కూసొని రాసిచ్చిండు: 'ఈ బాలిక మా ఊరి ఆడబిడ్డ కూతురు. ఈమెకు ఎంపీటీసీ లోటు ఏమాత్రం లేదని ధ్రువీకరించడమైనది.' దీంతోని పంపుతున్న. డాక్టరమ్మకు చూపెట్టు. హాస్టల్ మాట నా కొడుకు ఎత్తొద్దని చెప్పు.

నీ అత్త,
బాలమ్మ

తా.క.: ఆయన పదవి దిగి చాన్నాళ్ళయింది గని, స్టాంపు ఇంట్లనే ఉన్నది.


పుప్పాలగూడ,
బుధవారం.

అత్తమ్మకు భానుశ్రీ దండాలు పెట్టి రాస్తున్నది.

మీ ఉత్తరం బుజ్జే చదివి వినిపించింది. చదివినంక నా ముఖమే చూసుకుంట నిలబడ్డది. మంచి కబురు చెప్పాలె: ఈ వారం బడిలో ఒక్కరినే కొరికింది. పోయినవారం ముగ్గురు. టీచరమ్మ కూడ సంబరంగనే చెప్పింది. నోటుబుక్కు మాత్రం ఖాళీగనే ఉన్నది. నెలాఖరుకు ఎనిమిది దినాలే ఉన్నయి.

ఇంకొక ముఖ్యమైన సంగతి రెండో కాగితంల రాసిన. జర నిమ్మళంగ చదువుండి.

మీ కోడలు,
భానుశ్రీ

తా.క.: ఉత్తరం పోస్టు డబ్బాల నేనే వేస్తనని బుజ్జి గుంజుకుంటున్నది. అడిగి పని చేసుడు ఇదే మొదలు.


ఊరి నుంచి,
శనివారం.

భానుశ్రీకి అత్త బాలమ్మ జర కోపంగనే దీవించి రాస్తున్నది.

రెండో కాగితం ఏది? కవరు దులిపి చూసిన, చింపి చూసిన. సర్టిఫికెట్ చెల్లలేదు కావచ్చు. చెప్పడానికి సిగ్గుపడ్డవు. నీ సంగతి నాకెరుకే, పెండ్లిల నీ పేరు చెప్పమంటే కూడ గంట పట్టింది.

అందుకే లింగమూర్తి అన్నను తోలుకొని బుధవారం నేనే వస్తున్న. ఆయన డాక్టరమ్మతోని ముఖాముఖి మాట్లాడతడట. తెల్ల అంగీ ఇస్త్రీ చేయించుకున్నడు. ఊర్ల నలభై మందితోని సంతకాలు కూడ పెట్టించిండు.

నీ అత్త,
బాలమ్మ

తా.క.: అందుల ముగ్గురు రోడ్డు కోసమనుకొని పెట్టిన్రట. ఉండనీ, రోడ్డు వస్తే కూడ మంచిదే.


పుప్పాలగూడ,
శుక్రవారం.

అత్తమ్మకు ఈసారి మొక్కుడు తరువాత, ముందు సంగతి.

బుధవారం డాక్టరమ్మ సంతకాలన్ని చూసి, "అసలు ఎంపతి అంటేనండీ..." అనంగనే బుజ్జి ఆమె కాలు మీద తన్నింది గద. మీరు తల వంచుకున్నరు. లింగమూర్తి అన్న కుర్చీ వెనుకకు జరుపుకున్నడు. "ఇగ హాస్టలే" అన్నడు మీ కొడుకు. డాక్టరమ్మ మాత్రం బుజ్జి ముఖం చూసి, ఇంకేం అనకుండ కాగితాలు తీసుకున్నది.

మీరు బస్సెక్కినంక బుజ్జి సంచి సదురుతుంటే లెక్కల పుస్తకంల నా రెండో కాగితం దొరికింది. ఎంపతి అంటే ఎంపీటీసీ కాదు అత్తమ్మా, ఎదుటోళ్ళ బాధ మనకు తెలుసుడు అని అందుల రాసిన.

"ఎందుకు తీసినవే?" అన్న.

"అమ్మమ్మ ఊరంత తిరిగి తెచ్చింది. తప్పని తెలిస్తే అందరు నవ్వుతరు."

"నవ్వితే ఏమైతది?"

"అమ్మమ్మ ఉత్తరం విని నువ్వు నవ్వలే, కొంగు అడ్డం పెట్టుకొని? నేను తప్పు చదివితే మా నాయిన గట్లనే నవ్వేటోడు. నవ్వినంకనే కొట్టేటోడు."

నోటుబుక్కు తీసి మొదటి పేజీల ఈ సంగతే రాసిన. మీ కొడుకు రెండుసార్లు చదివిండు. హాస్టల్ ఫారం మడిచి, గేటు కాడ ఊగే కుర్చీ కాలు కింద పెట్టుకున్నడు. డాక్టరమ్మకు ఫోన్ల చెప్తే, "నన్ను తన్నిందే, అదీ రాయండి. అదీ ఇందులోకే వస్తుంది" అన్నది.

నవ్వినందుకు నన్ను మన్నించుండి. మీకు తెలిసిందని బుజ్జికి తెలువకూడదు. లింగమూర్తి అన్నకు అసలే చెప్పకుండి. ఆయన స్టాంపు కొట్టిన కాగితం డాక్టరమ్మ ఫైల్ల భద్రంగ ఉన్నది.

మీ కోడలు,
భానుశ్రీ

తా.క.: ఈ ఉత్తరం మీ కొడుకు చేతికి ఇస్తున్న. బుజ్జికిస్తే మీదాక రానియ్యదు.