వారానికో సూది

అక్కకు, బావగారికి నమస్కారాలు. నేను కులాసా. ఈసారి ఈ మాట నిజంగానే రాస్తున్నాను.

మనం భయపడ్డట్టు ఇది నాన్నగారికి వచ్చిన జబ్బు కాదక్కా. ఒంట్లో బీ12 విటమిన్ అడుగంటిందని రక్త పరీక్షలో తేలింది. వారానికో ఇంజెక్షన్ వేస్తున్నారు. మొదటి సూదికే లేచి పరిగెడతాననుకున్నాను. నర్సమ్మ నవ్వి, "సూదేనమ్మా, మంత్రం కాదు. కాస్త ఓపిక పట్టు" అంది. పట్టాను. నిన్న లాండ్రీలో దుప్పట్ల మూట ఎత్తుకుని పై అంతస్తుకు ఎక్కడా ఆగకుండా ఎక్కేశాను. ఎక్కాక ఏడుపొచ్చింది. ఇస్త్రీ చేసే ఆయన కంగారుపడి, "ఏమైందమ్మా, మళ్ళీ కళ్ళు తిరిగాయా?" అన్నాడు. "లేదన్నా, ఆయాసం రాలేదు" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

నీ అరికాళ్ళ తిమ్మిర్లు తగ్గాయా? నువ్వూ రక్తం పరీక్ష చేయించుకో, డాక్టరును అడక్కుండా సూదులు మాత్రం పొడిపించుకోకు. బావగారి దగ్గు ఎలా ఉంది?

నాకేమవుతుందోనన్న భయంతో మా పాపను అక్కడే బడిలో వేయమని రాశాను కదా, ఆ మాట మర్చిపో. సెలవులు కాగానే పంపించెయ్యి. మీ పిల్లలకు నా దీవెనలు. పాపకు మాత్రం, అమ్మ వేళ్ళకు మళ్ళీ పట్టు వచ్చిందనీ, ఇక జడ అమ్మే వేస్తుందనీ చెప్పు.

నీ చెల్లెలు