పేరంటాలమ్మ పాదాలు

ఫిబ్రవరి 2, ఆదివారం

వన్ టౌన్‌లో ఇంగ్లీషువాళ్ల పాత సమాధుల తోట. వాలంటీర్లకి తలా ఒక సమాధి అప్పగించారు శ్రీరామ్మూర్తిగారు. పోర్టులో ఇంజనీరుగా రిటైరయ్యారు, పాత కట్టడాలు శుభ్రం చేసే ఈ గ్రూపు ఆయనదే. నాకొచ్చింది ఇరవై రెండేళ్లకే కాన్పులో పోయిన అమ్మాయిది. బిడ్డనీ ఆమె పక్కనే పెట్టారని రాతి మీద చెక్కారు. అక్షరాల నిండా ఎవరో పసుపు పూశారు. రాయి పాడవుతుంది, మెత్తటి బ్రష్‌తో కడిగేయమన్నారాయన. కడిగేశాను.

నాకు ఆరో నెలని గ్రూపులో చెప్పలేదు. ఇంట్లో అత్తయ్యకి యోగా క్లాస్ అని చెప్పి వచ్చాను.

ఫిబ్రవరి 3

ఆఫీస్ లిఫ్ట్‌లో కొలీగ్ అడిగింది, పేరంటానికి వెళ్లొచ్చావా, పసుపు వాసనొస్తోందని. నేను గ్లవ్స్ వేసుకునే కడిగాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

మళ్లీ పసుపు. ఈసారి గాజులు కూడా. పక్కనే చేపల గంప దించుకుని ఒకావిడ కూర్చుంది. పేరు పోతమ్మట. ఈ వీధుల్లో ఆడవాళ్లు కడుపుతో ఉంటే ఇక్కడికొచ్చి మొక్కుకుంటారట, వాళ్ల అమ్మమ్మ కాలం నుంచీ.

"ఆవిడి మా పేరంటాలమ్మ. నువ్వు కడిగీసినా ఏటీ అనుకోదులే," అంది.

తర్వాత నా వదులు కుర్తా వైపు చూసి, ఎన్నో నెల అని అడిగింది. అదేం లేదన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆమె ఇంకేమీ అడగలేదు. నేను కడుగుతున్నంతసేపూ నా వెనకే ఉంది. ఆమె గంపెత్తుకుని వెళ్లిపోయాక కూడా వెనక ఎవరో ఉన్నట్టే ఉంది.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం, ఆఫీసులో

పొద్దున్నుంచీ కడుపులో కదలిక లేదు. కడుపే లేదన్నాను కదా పోతమ్మతో. ఆ మాట ఎవరు విన్నారు?

అదే రోజు, సాయంత్రం

స్కాన్ తీశారు. గుండె కొట్టుకుంటోంది. డాక్టర్ నవ్వి స్క్రీన్ నా వైపు తిప్పింది. చూడలేకపోయాను.

మా ఆయన వంశీ స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ మధ్యలో వదిలేసి యూనిఫాంలోనే వచ్చాడు. కారులో అడిగేశాను, ఏడాదిగా అడగడానికి నోరు రానిది. పోయినేడు ఏడో నెలలో కడుపులోనే పోయిన బాబుని ఎక్కడ పెట్టారని. నాకు చూపించలేదు. వంశీ, మామయ్యగారు తీసుకెళ్లిపోయారు.

గాజువాక అవతల శ్మశానం అన్నాడు. గుర్తేం పెట్టలేదట. పెట్టకూడదన్నారట పెద్దవాళ్లు.

"నాను మళ్లీ రెండుసార్లెల్లేను. ఏ మూలో తెల్డం లేదు," అన్నాడు.

నాకు చెప్పకుండా వెళ్లాడు. ఒక్కడే.

ఫిబ్రవరి 16, ఆదివారం

గ్రూపులో అందరికీ కడుపుతో ఉన్నానని చెప్పేశాను. ఆ పసుపు నేను కడగనన్నాను. శ్రీరామ్మూర్తిగారికి కోపమొచ్చింది. ఆ అక్షరాలు పోతే మళ్లీ రావు, ఆమె ఎవరో కూడా మిగలదు అన్నారు. అదీ నిజమే. పోతమ్మని పిలిచి ఆ మాటే చెప్పాను. ఆమె రాతి వైపు చూస్తూ ఆలోచించింది.

"పేరంటానికొచ్చినోలికి పసుపు కాళ్లకే కదమ్మా రాత్తాం," అంది.

శ్రీరామ్మూర్తిగారు వెళ్లి ఒక నాపరాయి మోసుకొచ్చి సమాధి కాళ్ల వైపు వేశారు. దాని మీద పోతమ్మే మొదట పసుపు రాసింది. తర్వాత నేను.

ఫిబ్రవరి 23, ఆదివారం

వంశీ వచ్చాడు. గేటు బయటే ఉంటానన్నాడు. నేను అక్షరాలు తుడిచి తలెత్తేసరికి పసుపు రాసిన ఆ నాపరాతి పాదాల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాడు, చిన్నపిల్లలతో మాట్లాడే గొంతుతో. మధ్యమధ్యలో ఆగి వింటున్నాడు. నేను దగ్గరికి వెళ్లలేదు.