ఖాళీ కుర్చీలో అమ్మమ్మ

లలితా, చెల్లీ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి నేటికి ఏడాది. ఈ ఉదయం నరసరావుపేట మీద పల్చని మబ్బులోంచి ఎండ, నీళ్ళలోంచి వచ్చినట్టు మెత్తగా పడింది. నువ్వు పిల్లలకు నటన నేర్పిన చర్చి హాలుకే సినిమావాళ్ళు వచ్చారు. ఒక పాపను ఎంచాలట. ఇన్నేళ్ళూ ఆ పని నీది. నీ పక్కన కూర్చుని చూసినదాన్ని కదా అని నన్ను పిలిచారు. ప్రార్థన చేసుకుని వెళ్ళాను.

నీ పద్ధతిలోనే ఖాళీ కుర్చీ వేయించాను. అందులో అలిగిన అమ్మమ్మ ఉందనుకుని అన్నం తినిపించాలి. పిల్లలందరూ గడగడా చెప్పేశారు. ఒకమ్మాయి ఏడ్చింది కూడా. సినిమావాళ్ళలో ఎంపిక చేసే ఆయనకు ఆ పిల్లే నచ్చింది. చివరికి మెకానిక్ బాషా కూతురు రేష్మా నిలబడింది.

"నానీ, ఒక్క ముద్ద తినవే," అని, ఇంట్లో వాళ్ళ అమ్మమ్మను పిలిచినట్టే పిలిచి, కుర్చీని చూస్తూ ఆగింది. చాలాసేపు ఆగింది.

"డైలాగ్ మర్చిపోయిందండీ," అన్నాడాయన.

అంతలో రేష్మా, "ఏందీ, ఉప్పెక్కువైందా? చానా వేషాలేస్తన్నావే!" అని ముద్దుగా కసిరింది.

నా గొంతు నీకు తెలుసుగా, పక్కవాళ్ళకే వినపడదు. అయినా లేచి చెప్పాను. "మర్చిపోలా బాబూ. వాళ్ళ నానీ ఏమంటదో వింటంది. మా చెల్లి ఇట్టాంటి పిల్లనే తీసుకునేది."

ఆయన ఖాళీ కుర్చీని కాసేపు చూశాడు. తర్వాత రేష్మా పేరు రాసుకున్నాడు.

ఇంటికొచ్చి నువ్వు రోజూ కూర్చునే కుర్చీ ఎదురుగా కూర్చున్నాను. "సరిగ్గానే ఎంచానా?" అని అడిగి, రేష్మాలాగే ఆగాను. కిటికీ తెర మెల్లగా కదులుతోంది. ఇంకా ఆగే ఉన్నాను.